నిన్న ఏమేం తిన్నారు?

ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఈ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారు? నిద్రలో కూడా అడిగేదానివని అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఒకసారి షేర్ ఆటోలో పక్కనామె మిరపకాయ బజ్జీలు తింటుంటే, రోజుకు ఎన్ని తింటారని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె నా పేషెంట్ కాదని గుర్తుకు రావడానికి అరనిమిషం పట్టింది.

పోషకాహారంలో ఎమ్మెస్సీ అయిపోతే డైటీషియన్ అయిపోయినట్టేనని మా చుట్టాలంతా అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే ఇంకో పరీక్ష ఉంటుంది, ఆ పరీక్ష రాయాలంటే ముందు ఒక పెద్ద దవాఖానాలో ఆరు నెలలు పనిచేయాలి. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసి అక్కడి డైటీషియన్‌తో సంతకం పెట్టించుకోవాలి. నాకు చోటు దొరికింది నాచారంలో. పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ స్తంభాలు నేను డిగ్రీలో చేరినప్పటి నుంచి అట్లాగే నిలబడి ఉన్నాయి. నా డిగ్రీ అయింది, ఎమ్మెస్సీ అయింది, దాని పని మాత్రం కాలేదు. దవాఖానాకు చేరేసరికి తల మీద, కనురెప్పల మీద సన్నటి సిమెంటు దుమ్ము ఉండేది. దాన్ని కడుక్కోవడంతో నా రోజు మొదలయ్యేది.

ఏడింటికల్లా కిచెన్‌లో ఉండాలి. ట్రేల మీద స్టిక్కర్లు సరిచూడాలి. బీపీ వాళ్ళకు ఎర్రది, షుగర్ వాళ్ళకు పసుపుది, కిడ్నీ వాళ్ళకు నీలం. తర్వాత ట్రాలీ వెనకాలే నాలుగు అంతస్తులు. లిఫ్టు స్ట్రెచర్లకే సరిపోదు కాబట్టి మాకు మెట్లే. ప్రతి మంచం దగ్గరా ఎవరో ఒకరు మూతి విరిచేవాళ్ళు. "గీ సప్పిడి కూడు నువ్వు తింటవా మేడం?" అని ఒక ముసలాయన రోజూ అడిగేవాడు. నిజం చెప్పాలంటే నేను అది కూడా తినడం లేదు. అమ్మ పెట్టిన డబ్బా సగం రోజులు ఇంట్లోనే మరచిపోయేదాన్ని. మూడు గంటలప్పుడు గేటు ఎదురుగా ఉన్న బేకరీలో నిలబడి ఒక ఎగ్ పఫ్ తినేదాన్ని. టైముకు తినండి, కూర్చుని తినండి, నెమ్మదిగా నమిలి తినండి అని పొద్దంతా ఊరందరికీ చెప్పి, నేను రోడ్డు మీద నిలబడి మింగడం నాకే సిగ్గుగా ఉండేది. అయినా ఆకలికి సిగ్గు ఎక్కడిది.

మా మేడం ఆ దవాఖానా మొత్తానికి ఉన్న ఒకే ఒక్క డైటీషియన్. రాజమండ్రి వైపు మనిషి. మెల్లగా మాట్లాడుతుంది, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడుతుంది. నేను చేరిన మొదటి వారంలో ఒక మాట చెప్పింది. "రాయడం ఎవరైనా రాస్తారమ్మా. అడగడమే మన పని." నేను తల ఊపాను. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా తల ఊపేదాన్ని.

మొదటి నెలలో బాగానే చేశాను, ఆ మాట నేనే చెప్పుకోవాలి. కిడ్నీ పేషెంట్లకు కూరగాయలు ఎట్లా వండాలో చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. కూరగాయల్లో పొటాషియం అనే ఉప్పు ఒకటి ఉంటుందమ్మా, మంచి కిడ్నీ ఉన్నవాళ్ళకు అది మంచిదే, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో నిలిచిపోతే గుండె మీద పడుతుంది, అందుకే ముక్కలు చిన్నగా కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికిస్తే అది నీళ్ళలోకి దిగిపోతుంది, ఆ నీళ్ళు తీసేసి కూర వండాలి. ఇదంతా చెప్పడానికి ఒక్కొక్కరికి పావుగంట పట్టేది. రెండో నెలకు అయిదు నిమిషాలైంది. నాలుగో నెల వచ్చేసరికి అచ్చేసిన కాగితం చేతిలో పెట్టి, "ఇట్ల వండాలె అమ్మా, ఉడికిన నీళ్ళు తీసెయ్యాలె" అని ముందుకు నడిచేదాన్ని. ఎందుకు అన్న ముక్క ఎక్కడో రాలిపోయింది. నాకు తెలియకుండా రాలలేదు, తెలిసే వదిలేశాను. కాళ్ళు లాగేవి. ఇంకా పది మంచాలు ఉండేవి.

ఆ నాలుగో నెలలోనే చెంగిచెర్ల నుంచి ఒక జంట డయాలసిస్‌కు రావడం మొదలైంది. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసి, కిడ్నీలు పాడయ్యాక మానేసినవాడు. సూర్యాపేట వైపు వాళ్ళు. మంగళవారం, శుక్రవారం వచ్చేవాళ్ళు. ఆయన డయాలసిస్ మిషన్ పక్కన మంచం మీద నాలుగు గంటలు పడుకుంటే, ఆమె బయట మెట్ల మీద కూర్చునేది. చర్చి మీటింగుల్లో ఇచ్చిన గుడ్డ సంచి ఒకటి ఎప్పుడూ ఒడిలో ఉండేది. అందులో ఫైలు, టిఫిన్ డబ్బా, ఆయన రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో గీతలు గీసిన సీసా.

ఆమె తన కిడ్నీ ఒకటి ఆయనకు ఇస్తానంది. రక్తం గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలకు కిడ్నీలు మార్చే పెద్ద దవాఖానాకు వెళ్ళాలి, అక్కడికి మా కిడ్నీ డాక్టర్ లెటర్ రాయాలి. డాక్టర్ ఒకటే షరతు పెట్టాడు. నెల రోజులు వరసగా పొటాషియం అదుపులో ఉంటే లెటర్ రాస్తాను, తిండి దగ్గర మాట వినని మనిషికి కొత్త కిడ్నీ పెట్టి ఏం లాభం? రిపోర్టు వచ్చిన ప్రతిసారీ, అయిదు దాటకూడని పొటాషియం ఆయనకు ఆరు దాటి ఉండేది. ఒంట్లో నీరు కూడా ఎక్కి, రెండు మూడు కిలోలు పెరిగి వచ్చేవాడు. లెటర్ మళ్ళీ వెనక్కి పోయేది.

కాబట్టి నేను అడగాలి. మా దగ్గర ఒక ఫారం ఉండేది. అందులో గళ్ళు: టిఫిన్, అన్నం, రొట్టె, పప్పు, కూర, పెరుగు, పండ్లు, టీ, నీళ్ళు. ఒక్కో గడి చూస్తూ అడిగేదాన్ని. ఆమె బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది.

"పొద్దున ఇడ్లీ, రెండే. చట్నీల కొబ్బరి ఎయ్యలే. పగటికి అన్నం, బీరకాయ కూర. నీళ్ళు తీసేసే వండిన మేడం. రాత్రికి రెండు రొట్టెలు, ఆనిగెపుకాయ. పండ్లు ముట్టడు. టమాట, చింతపండు ఇంట్లకే తెస్తలేను."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు. గంతే."

రెండుసార్లు ఇదే జవాబు. మూడో మంగళవారం పొటాషియం ఆరున్నర వచ్చింది. ఆ రోజు తోటి ఇంటర్న్ రాలేదు, ఆమె ట్రేలు కూడా నా మీదే పడ్డాయి. ఐసీయూలో ట్యూబు ద్వారా ఇచ్చే పాలు ఆలస్యమయ్యాయని సిస్టర్ అందరి ముందు అరిచింది. నేను ఫారం పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ఆమె మళ్ళీ అదే పాఠం అప్పజెప్పింది. బీరకాయ, ఆనపకాయ, గంతే.

నాకు ఒళ్ళు మండింది. అంత శుద్ధంగా తింటే రక్తంలో ఇంత పొటాషియం ఎక్కడి నుంచి వచ్చింది, ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆయన దొంగచాటుగా కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు, లేదా ఈమె ముద్దుచేసి అరటిపండు పెడుతోంది, ఇద్దరూ కలిసి నా ముందు బొంకుతున్నారు. అట్లాగే అనుకున్నాను.

"నిజం చెప్పమ్మా, దాచిపెడితే నష్టం మీకే."

ఆమె ముఖం చిన్నబోయింది. "ప్రభువు సూస్తున్నడు మేడం, నేనెందుకు దాస్త?"

లోపలికి వెళ్ళి ఫైల్లో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాను. పేషెంట్ నాన్-కంప్లయంట్, అంటే చెప్పినట్టు వినడు. పేషెంట్, భార్య చెప్పే వివరాలు నమ్మదగినట్టు లేవు. కింద నా పొట్టి సంతకం. రాయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. రాశాక హాయిగా కూడా అనిపించింది, తప్పు నాది కాదని తేలిపోయినట్టు.

శుక్రవారం డాక్టర్ ఫైలు తెరిచి ఆ రెండు ముక్కలు చదివాడు. పేషెంట్ మంచం పక్కనే నిలబడి భార్యాభర్తలిద్దరినీ తిట్టాడు. నేను అప్పుడు అక్కడ లేను, మంగళవారం వచ్చినప్పుడు ఆమే మెట్ల దగ్గర పట్టుకుని చెప్పింది. మేడం అనడం మానేసి మొదటిసారి బిడ్డా అంది.

"మేము అబద్ధాలు చెప్తున్నమని ఎవలో రాసిన్రంట బిడ్డా. అందరి ముంగట గట్లనే అన్నడు డాక్టర్ సాబ్. ఈయన ఇంటికి పోయి ముద్ద ముట్టలే. ఎవలు రాసిన్రో నీకేమన్న తెల్సా?"

నేను తెలియదనలేదు. తెలుసు అని కూడా అనలేదు. "టైం అయితుంది అమ్మా, పైకి పోవాలె," అని మెట్లెక్కాను. ఆ నాలుగు అంతస్తులు ఎప్పుడు ఎక్కానో నాకు తెలియలేదు. ఇంటికి వెళ్ళాక కూడా ఆమె గొంతు చెవిలోనే ఉంది. అయినా నేను రాసింది నిజమేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం నేను మళ్ళీ డబ్బా మరచిపోయాను. రెండున్నరకు కళ్ళు తిరిగాయి. రోడ్డు దాటి బేకరీ దాకా పోయే ఓపిక కూడా లేక ఆ మెట్ల మీదే కూలబడ్డాను. ఆమె అప్పుడే టిఫిన్ డబ్బా విప్పుతోంది. నా ముఖం చూసింది.

"తిన్నవా?"

"లేదమ్మా. తర్వాత తింట."

"తర్వాత ఎప్పుడు? మొఖం సూడు ఎట్ల గుంజుకపోయిందో. మాకు చెప్పెడిది నువ్వే, ఎండెడిది నువ్వే." డబ్బా మూతలో అన్నం పెట్టి, మూల కొంచెం బీరకాయ కూర పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత ఇంకో గిన్నె మూత తీసి అన్నం మీద చారు పోసింది.

నాకు ఇప్పటికీ ఆ చారు వాసన గుర్తుంది. వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, బోలెడంత కరివేపాకు. ఉప్పు సగమే, పులుపు లేదు, అయినా గొంతులోకి వెచ్చగా దిగుతుంటే ప్రాణం లేచి వచ్చింది. నెలల తర్వాత కూర్చుని తిన్న అన్నం అది. సిగ్గు లేకుండా మూత చాపాను.

"ఇంకింత పొయ్యమ్మా."

ఆమె నవ్వుతూ ఇంకో గంటెడు పోసింది. నేను జుర్రుకుంటూ, ఊరికే మాట కలపడానికి అడిగాను.

"చింతపండు లేకుండ ఇంత మంచిగ ఎట్ల చేసినవ్? దేనితోని చేసినవ్?"

"దేనితోని ఏముంది బిడ్డా, కూరగాయలు ఉడికిన నీళ్ళే. నువ్వు తీసెయ్యమంటివి, కూరల కలపకుండ తీసేస్తి. సారమంత అండ్లనే ఉంటది గద, మోరిల పొయ్య మనసొప్పుతదా? తాలింపు పెట్టి చారు కాస్తున్న. ఈయనకు చారు లేంది ముద్ద దిగదు."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. మా అమ్మ హబ్సిగూడలో ఒక కోచింగ్ హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడ అంతమందికి వండినా, ఇంట్లో ఇద్దరికి వండినా, పప్పు ఉడికిన కట్టు గానీ కూరగాయ ఉడికిన నీళ్ళు గానీ పారబోయడం నేను ఏనాడూ చూడలేదు. ఆ నీళ్ళు చారవుతాయి. మా ఇళ్ళలో పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఇది తెలుసు. నాకూ తెలుసు. కానీ నా ఫారంలో చారుకు గడి లేదు. గడి లేదు కాబట్టి నేను అడగలేదు. అన్నం మీద పోసుకునే చారును తిండి కింద ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి ఆమె చెప్పలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. ముక్కల్లోంచి దిగిన పొటాషియం మొత్తం గిన్నెలోకి తీసి, వెల్లుల్లి తాలింపు పెట్టి, రెండు పూటలా ఆయనకే పోసింది. ఆయన ఒంట్లోకి ఎక్కిన నీరు కూడా అదే.

ఆమెకు చెప్పక తప్పదు. మొదటి నెలలో అందరికీ చెప్పిన పావుగంట పాఠం అప్పుడు చెప్పాను, చేతులు తిప్పకుండా. ఆమె అంతా విని, గిన్నెలో మిగిలిన చారు వైపు చూసింది.

"ఇన్ని దినాలసంది నేనే పోస్తున్ననా ఆయనకు?"

"తప్పు నాదమ్మా. ఎందుకో నేను చెప్పలే. చారు సంగతి అడగలే."

"నా చేతితోనే పోసిన," అంది మళ్ళీ, నా మాట విననట్టు. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. ఏం చేయాలో తెలియక నేను డబ్బా మూతలు పెట్టాను. ఫైల్లో రాసింది నేనేనని కూడా ఆ నిమిషంలోనే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. భయమేసింది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టుకోను.

మేడంకు మాత్రం అన్నీ చెప్పాను. ఆ రెండు ముక్కలు కొట్టేయనా అని అడిగాను.

"ఫైల్లో కొట్టేయకూడదమ్మా," అంది, చాలా మెల్లగా. "ఒకసారి రాశామంటే అది ఉండిపోతుంది. కింద తేదీ వేసి కొత్తగా రాయి. ఎవరి పొరపాటో కూడా రాయి."

రాశాను. కూరగాయలు ఉడికిన నీళ్ళను చారుగా వాడారు, ఇంటర్న్ అడగలేదు, కారణం వివరించలేదు, భార్య సూచనలన్నీ పాటించింది. మళ్ళీ అదే పొట్టి సంతకం. మేడం ఫారం చివర పెన్నుతో ఒక గీత గీసి చారు అని గడి కలిపింది. అచ్చు కాగితం మీద ఆ చేతిరాత గడి వంకరగా ఉండేది.

తర్వాత రిపోర్టులు తగ్గుతూ వచ్చాయి. అయిదున్నర, తర్వాత అయిదు. ఆయన మంచం మీద పడుకుని నన్ను ఆటపట్టించేవాడు. "ఉడికిన నీళ్ళు సల్లార్చి మా కల్యామాకు చెట్టుకు పోస్తుంది మేడం. పెయింటు డబ్బల ఉన్న చెట్టు మస్తు ఏపుగ పెరిగింది. నా చారంత అదే తాగుతుంది." కరివేపాకు చెట్టు చారు తాగుతోందని మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది, కానీ మెట్ల మీద నా కోసం మళ్ళీ మూత చాపలేదు. ఆమె డబ్బాలో ఇప్పుడు ఒట్టి అన్నం, కూరే ఉండేవి. ఆయన సగం తిని పక్కన పెట్టేవాడు. చారు లేని అన్నం గొంతు దిగడం లేదనేవాడు. దానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

నెల గడిచింది. నా ఇంటర్న్‌షిప్‌కు ఇంకో వారం ఉందనగా డాక్టర్ లెటర్ రాశాడు. ఫైలు మొత్తం దానికి కుట్టి ఇచ్చారు. ఆమె ఆ ఫైలు పట్టుకుని, కిచెన్ బయట ట్రేలు లెక్కపెడుతున్న నా దగ్గరికి వచ్చింది. ఆయన వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అంత ఇంగ్లీషే బిడ్డా. అక్కడ పెద్ద డాక్టర్లు అడిగితే నాకు తెల్వద్దా? అండ్ల ఏమేం రాసిన్రో జర చదివి చెప్పు."

బెంచీ మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పుతూ చెప్పాను. ఇది రక్తం, ఇది స్కానింగు, ఇది బరువు. ఆ పేజీ రానే వచ్చింది. రెండు కాగితాలు కలిపి తిప్పేస్తే ఆమెకు తెలియదు. నా వేళ్ళు అప్పటికే రెండింటినీ కలిపి పట్టుకున్నాయి. ఆమె నా పక్కన, కొంగు సర్దుకుని, చర్చిలో వాక్యం వింటున్నట్టు కూర్చుంది. వేళ్ళు వదిలి చదివాను.

"పేషెంటు చెప్పినట్టు వింటలేడు. పేషెంటు, భార్య చెప్పే మాటలు నమ్మేటట్టు లేవు."

"ఆ దినం డాక్టర్ సాబ్ తిట్టింది గిదేనా?"

"ఇదే."

"దాని కింద?"

కింద ఉన్నది కూడా చదివాను. ఇంటర్న్ అడగలేదు. భార్య అన్నీ పాటించింది. ఆమె రెండు సంతకాల మీదా వేలు పెట్టి చూసింది. ఇంగ్లీషు రాకపోయినా, రెండూ ఒకే గీతలని కనిపిస్తూనే ఉంది.

"రెండూ ఒక్కలే రాసిన్రా?"

"నేనే రాసినమ్మా. రెండూ నేనే."

ఆమె వేలు ఇంకా పై సంతకం మీదే ఉంది. లోపల ట్రేల చప్పుడు. తిట్టినా బాగుండేది.

"మెట్ల మీద అన్నం పెట్టిన రోజు," అంది మెల్లగా, "అప్పటికే రాసినవా?"

"అప్పటికే రాసిన."

ఆమె ఫైలు మూసి గుడ్డ సంచిలో పెట్టింది. లెటర్ మడత పడకుండా చేత్తో ఒకసారి నిమిరి, సంచి మూతి ముడేసింది. లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఇంకింత పొయ్యమని అడిగి మరీ తింటివి గద బిడ్డా," అంది.

తర్వాత ఇద్దరూ మెట్లు దిగి గేటు వైపు నడిచారు.